వయొలిన్‌ని వృత్తిగా తీసుకోవాలా, ఇలాగే ఇష్టం కోసం వాయించుకోవాలా?

చిన్న_కమాను:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

చిన్నప్పుడు మొదలుపెట్టిన వయొలిన్, ఇప్పటికీ వదల్లేదు. చదువు, ఉద్యోగం అన్నిటి మధ్యా సాధన సాగుతూనే ఉంది. కొన్నేళ్లుగా వీడియోలు పెడుతున్నాను, తెలిసినవాళ్ల బ్యాండుతో కలిసి ప్రోగ్రాముల్లో వాయిస్తున్నాను. వినేవాళ్లు బాగానే పెరిగారు. ఇప్పుడు ఆ బ్యాండువాళ్లు ఉద్యోగం మానేసి పూర్తిగా మాతో వచ్చెయ్యి అంటున్నారు. ఇంట్లో వద్దనలేదు, నువ్వే తేల్చుకో అన్నారు. నాకే తేలడం లేదు.

వీడియోలు మొదలయ్యాక నేను వాయించే తీరే మారిపోయింది. కమాను బిగిస్తుండగానే ఏ ముక్క నిమిషంలో ఇముడుతుంది, ఫోను ఎక్కడ పెట్టాలి అనే ఆలోచన వచ్చేస్తోంది. ఇదివరకు మోహన రాగం పట్టుకుంటే ఆలాపన ఎటు పోతే అటు పోయేదాన్ని, ఎవరైనా వినాలని కూడా ఉండేది కాదు. ఇప్పుడు అలా వాయిస్తుంటే టైం వేస్టు చేస్తున్నానేమో అని గిల్టీగా ఉంటోంది. ఒక వీడియోకి వ్యూస్ తక్కువ వస్తే ఆ పాట మీద ఇష్టమే తగ్గిపోతోంది, నిజానికి నాకు భయం వేసింది అక్కడే.

ఇదే వృత్తి అయితే మిగిలిన ఈ కాస్త ఇష్టం కూడా పోతుందా? పోనీ ఇంట్లో వాయించుకుంటూ ఉండిపోతే ఇన్నేళ్ల సాధన వృథా అయినట్టేనా? రెండు వైపులా ఉన్నవాళ్లు చెప్పండి. నీ మనసు చెప్పింది చెయ్యి అని మాత్రం అనకండి, మనసే రెండు మాటలు చెబుతోంది.

రెండో_వరుస:

నేను ఈ పని మీదే బతుకుతున్నాను అండీ. రికార్డింగులు, లైవ్ షోలు, పాఠాలు, మూడూ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది, ఏ ఒక్కదాంతోనూ గడవదు.

బయటివాళ్లకు కనపడని సంగతి ఒకటి చెబుతాను. స్టూడియోలో నేను వాయించేది నాకు నచ్చిన సంగీతం కానక్కర్లేదు. ముందు నొటేషన్ పెడతారు, చెవుల్లో లయ చూపించే క్లిక్ మోగుతుంటుంది, రెండు మూడు టేకుల్లో అయిపోవాలి. ఇంకొంచెం మెత్తగా కావాలంటారు, అంటే కమాను ఒత్తిడి తగ్గించాలా, వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) తగ్గించాలా, తీగ మార్చి పై పొజిషన్‌లో వాయించాలా అని నేనే ఊహించుకోవాలి. కొన్ని రోజులు నాలుగు బార్ల చిన్న ముక్క కోసం సగం రోజు ఎదురుచూస్తాం. ఇదంతా చెడ్డదని అనను, నాకు ఇష్టమే. ఎనిమిది మంది కమానులు ఒకేసారి తీగ మీద వాలి ఒకే స్వరంగా వినిపించినప్పుడు కలిగే ఆనందం ఇంట్లో ఒంటరిగా వాయిస్తే నాకెప్పుడూ రాలేదు. కానీ మీరు మోహన గురించి చెప్పిన ఆనందం అది కాదు. దానికి వేరే టైం పెట్టుకోవాల్సిందే, వృత్తిలోకి వచ్చినంత మాత్రాన అది కలిసి రాదు.

1993లో మానసిక శాస్త్రవేత్త ఎరిక్‌సన్, అతని తోటివాళ్లు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం గురించి వినే ఉంటారు, నిపుణులవ్వాలంటే పదివేల గంటల సాధన కావాలనే మాట దాన్నుంచే ప్రచారంలోకి వచ్చింది. గంటల లెక్క కన్నా నాకు అందులో ఇంకో సంగతి ముఖ్యంగా తోచింది. తమ వాయింపు మెరుగుపడటానికి ఒంటరి సాధనే అన్నిటికన్నా అవసరమని ఆ విద్యార్థులే చెప్పారు, కానీ హాయినిచ్చే పనుల్లో మాత్రం దానికి పెద్దగా మార్కులు వెయ్యలేదు. అంత పైస్థాయి వాళ్లకే అలా ఉంటే, మీకు సాధన కొన్ని రోజులు విసుగ్గా ఉండటం ఇష్టం చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు.

డబ్బు దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని రండి. స్ట్రీమింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు. స్పాటిఫైలో 2024 నుంచి గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీములు రాని ట్రాక్‌కి రాయల్టీయే లేదు, అది దాటినా చేతికొచ్చేది చాలా కొంచెం.

ఆదివారం_చెల్లో:

రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే ఆ వృథా అనే మాట చూస్తే ఊరుకోలేకపోయాను.

రష్యన్ స్వరకర్త బొరోదిన్ పేరు వినే ఉంటారు. ఆయన జీతం తీసుకున్నది రసాయన శాస్త్రం ప్రొఫెసర్‌గా. సంగీతం సెలవుల్లో, దొరికిన ఖాళీల్లో రాసుకున్నాడు, 1869లో మొదలుపెట్టిన ఒపేరా (సంగీత నాటకం) 1887లో చనిపోయేనాటికి కూడా పూర్తి కాలేదు, రిమ్‌స్కీ కొర్సకోవ్, గ్లజునోవ్ అనే తోటి స్వరకర్తలు పూర్తి చేశారు. అమెరికన్ స్వరకర్త చార్లెస్ ఐవ్స్ ఇన్సూరెన్స్ వ్యాపారం చేశాడు, అందులో బాగా పైకొచ్చాడు కూడా. 1900 తర్వాతి తొలి ఏళ్లలో రాసుకున్న మూడో సింఫనీని (వాద్యబృందం కోసం రాసే పెద్ద కృతి) మొదటిసారి జనం ముందు వాయించింది 1946లో, మరుసటి ఏడు 1947లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఉద్యోగం చేస్తే మీకూ అవార్డు వస్తుందని కాదు నేననేది. ఆ నలభై ఏళ్లూ ఎవరూ వినలేదు కదా, అప్పుడు ఆ సింఫనీ వృథాగా పడి ఉందని మనం అనగలమా?

ఇంకో సంగతి. స్ట్రింగ్ క్వార్టెట్లు, అంటే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కలిసి వాయించే కృతులు, వాటిలో చాలా వాటిని 18వ శతాబ్దంలో ఇళ్లలోనే వాయించుకునేవాళ్లు, గదిలో వినేవాళ్ల కన్నా వాయించేవాళ్లే ఎక్కువ ఉన్న సందర్భాలూ ఉండేవి. అంత గొప్ప సంగీతం సరదాగా వాయించుకునేవాళ్ల కోసం పుట్టింది. హాల్లో కుర్చీల్లో కూర్చుని వింటే సగమే తెలుస్తుంది, లోపల కూర్చుని వియోలా మీ వాక్యాన్ని అందుకుంటే తెలిసేది వేరు. మేం నలుగురం కలిసి వాయిస్తాం, టికెట్లు లేవు, రికార్డింగు లేదు.

అయితే ఒకటి, ఇష్టం కోసం వాయించడమంటే ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పెట్టె తెరవడం అనుకుంటే నెలల తరబడి అది తెరుచుకోదు. అలా ఆగిపోయినవాళ్లని చాలామందిని చూశాను. మాకు వారం వారం కలిసే రోజు ఉంది, నేర్చుకుని రాకపోతే మిగతా ముగ్గురూ మొహం మీదే అడుగుతారు. చేతకాని చోటు నుంచి కదిలినప్పుడు వచ్చే సంతోషమే అసలు సంతోషం, అది శ్రమ పడకుండా రాదు. ఇంటోనేషన్ (శ్రుతి) సరిగ్గా లేకపోతే నాకు ఆ సాయంత్రమంతా బాగోదు, నేనేమీ ప్రొఫెషనల్‌ని కాకపోయినా.

పలక_బలపం:

పిల్లలకు సంగీతం నేర్పుతాను. వ్యూస్ తగ్గితే పాట మీద ఇష్టం తగ్గుతోంది అన్నారు చూశారా, దాని గురించి ఒక్కటే చెబుతాను.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్లకు ఎవరూ ఏమీ చెప్పకుండా ఖాళీగా వదిలేస్తే, ముందే బహుమతి మాట విన్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే గీశారు. చెప్పకుండా బహుమతి పొందినవాళ్ల ఇష్టం తగ్గలేదు. అంటే మెప్పు వచ్చినందుకు చెడలేదు, మెప్పు కోసమే గీస్తున్నాం అనుకుని మొదలుపెట్టడం వల్ల చెడింది.

అది చిన్నపిల్లల సంగతి, పెద్దవాళ్ల కెరీర్‌కి నేరుగా అతికించకూడదు, ఒప్పుకుంటాను. అయినా మా క్లాసులో ఇదే కనిపిస్తుంది. పరీక్షకి పనికొచ్చే పాఠాలే వాయించే పిల్లలు పరీక్ష అవ్వగానే వాయిద్యం పక్కన పెట్టేస్తారు. పరీక్షకి సంబంధం లేని పాట ఒకటి సొంతంగా చెవితో పట్టుకున్న పిల్లలు ఆగరు, మార్కులు తక్కువొచ్చినా ఆగరు. అందుకే ప్రతి ఒక్కరికీ నేను వినని పాట ఒకటి ఉండాలని చెబుతాను, అడిగినా నాకు వినిపించొద్దంటాను. మీరూ అలా కొంత సంగీతం ఫోనుకి అస్సలు చూపించకుండా ఉంచుకోండి. ఇవాళ బాగా వచ్చింది, ఇదొక్కటి పెట్టేస్తాను అని కూడా వద్దు.

మైకు_ముందు:

పైన అందరూ జాగ్రత్తలే చెప్పారు, నేను వెళ్లమంటాను.

సక్సెస్ అనగానే పేరు, డబ్బు అనుకుంటున్నాం గానీ, దాంతో వచ్చే అసలు లాభం టైం. సాయంత్రం అలిసిపోయి వచ్చి వాయించే మనిషికీ, పొద్దున్నే తాజా బుర్రతో నాలుగు గంటలు కూర్చోగలిగే మనిషికీ చేతిలో చాలా తేడా వస్తుంది. మనకన్నా బాగా వాయించేవాళ్ల పక్కన నిలబడే అవకాశం వస్తుంది, అది ఎంత సాధన చేసినా ఇంట్లో దొరకదు. నేను గిటార్ వాయిస్తాను, స్టేజి ఎక్కకముందు నా సంగీతం నాకు తెలిసినంతే ఉండేది. డ్రమ్మర్ ఎక్కడ వెనక్కి లాగుతాడో, ఎక్కడ ముందుకి తోస్తాడో వినడం స్టేజి మీదే నేర్చుకున్నాను. జనం నిశ్శబ్దమైపోయిన చోట మనం ఇంకాస్త నెమ్మదిస్తాం చూడండి, అది వాళ్లూ మనమూ కలిసి చేసే పని. దాన్ని వ్యూస్‌తో కలిపెయ్యకండి. మిమ్మల్ని విసిగిస్తున్నది వీడియోలు, వాయించడం కాదేమో. బ్యాండులో వాయించేటప్పుడు ఎలా ఉంటుందో మీరు అసలు చెప్పనే లేదు.

చిన్న_కమాను:

చివరి ప్రశ్న చూసి చాలాసేపు ఆలోచించాను. బ్యాండుతో రిహార్సల్ చేసేటప్పుడు బావుంటుంది, నిజంగా బావుంటుంది, ఫోను గుర్తుకే రాదు. ప్రోగ్రాం రోజున టెన్షన్ ఉంటుంది కానీ అది కూడా ఇష్టమే. కాబట్టి ముందు వీడియోలు ఆపుతున్నాను, ఎడిటింగ్‌కి పోయే టైం మొత్తం సాధనకి వస్తుంది. ఉద్యోగం ఇప్పుడే మానను, బ్యాండుతో ప్రోగ్రాములు పెంచి చూస్తాను. పలక_బలపం గారూ, ఆ మోహన ఇక మీకు కూడా వినిపించను.

రెండో_వరుస గారూ, ఒక సందేహం. ఎక్కువ వాయించిన రోజు ఎడమ మణికట్టు దగ్గర లాగుతుంది. మామూలేనా? బ్యాండువాళ్లను డబ్బు గురించి ఏం అడగాలో కూడా చెప్పండి, నాకు మొహమాటం.

రెండో_వరుస:

మామూలు అనుకోవద్దు. అలసటైతే విశ్రాంతి తీసుకుంటే పోతుంది. నొప్పి, తిమ్మిరి, వేలు చెప్పిన మాట వినకపోవడం, వీటిలో ఏదున్నా వాయించడం ఆపి డాక్టరుకి చూపించండి. లియాన్ ఫ్లైషర్ అంతటి పియానిస్టుకి 1960ల్లో కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి, ఫోకల్ డిస్టోనియా (కండరాలు అదుపు తప్పే నాడీ సమస్య) అని తేలడానికీ, మళ్లీ రెండు చేతులతో వాయించడానికీ దశాబ్దాలు పట్టింది. మీది అదని కాదు, చాలావరకు చెయ్యి పెట్టే తీరులోనో, షోల్డర్ రెస్ట్ (వయొలిన్ కింద భుజం మీద ఆనించే ఆసరా) ఎత్తులోనో ఉంటుంది, కానీ ప్రోగ్రాములు పెంచే ముందే చూపించుకోండి, పెంచాక కాదు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా, రాతలో అడగండి. రిహార్సళ్లకు ఇస్తారా, ప్రోగ్రాముకే ఇస్తారా. ప్రోగ్రాం రద్దయితే ఎంత. ప్రయాణం ఖర్చు ఎవరిది. మీరు కట్టిన వయొలిన్ భాగం ఉన్న పాట విడుదలైతే అందులో మీ పేరు, మీ వాటా ఉంటాయా. గత ఏడాది ఒక్కొక్కరికీ నెల నెలా ఎంత వచ్చిందో కూడా అడగండి, మంచి నెల ఒక్కటి చెబితే సరిపోదు, ఏమీ రాని నెలలు కూడా చెప్పమనండి. ఉద్యోగం మానెయ్యి అని అడిగినవాళ్లు ఆ లెక్క చూపించాలి.