ఆ యాభై ఒక్క సీసీ ఎక్కడికి పోయింది?

కోరాపుట్ వాసి:
జర్మనీలో మా బావమరిది నడిపే పాత హ్యుందాయ్ ఐ20 కారులోనూ, నా ఐ20లోనూ ఉన్నది కప్పా అనే పెట్రోలు ఇంజినే. అతనిది 1248 సీసీ, నాది 1197. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురం కూర్చుని ఏసీ వేస్తే రెండో గేరు వదలడం లేదు. మనకు నాసిరకం అంటగట్టినట్టే కదా? అక్కడి క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లను పైకీ కిందికీ ఆడించే ఇరుసు) తెప్పించి వేయిద్దామనుకుంటున్నాను.

బరంపురం వాసి:
నాసిరకం కాదండీ, కాస్త పొట్టిది. రెండింటికీ సిలిండర్ వ్యాసం 71 మి.మీ.యే. తేడా స్ట్రోక్‌లో, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరంలో ఉంది: అక్కడ 78.8 మి.మీ., ఇక్కడ 75.6. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కు తగ్గించారు. 1248 అయితే ఆ రాయితీ పోయినట్టే. కత్తెర వేసింది సుంకం.

క్రాంక్‌షాఫ్ట్ ఆలోచన మాత్రం మానుకోండి. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు పాతవే ఉంచితే పిస్టన్ ఆ స్ట్రోక్ తేడాలో సగం, అంటే 1.6 మి.మీ. ఎక్కువ పైకి వస్తుంది. ఇంచుమించు రూపాయి బిళ్ళ మందం. ఆ పైన ఉండేవి గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే వాల్వులు! మా వీధి షెడ్డులో వేరే బండికి ఇలాంటి ప్రయోగమే చేశారు. నెత్తిన చంద్రవంకలా గుంట పడ్డ ఆ పిస్టన్ ఇప్పుడు బిల్లుల కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద కాపలా కాస్తోంది.

పర్లాకిమిడి వాసి:
51 సీసీ అంటే నాలుగు శాతం. కోరాపుట్ ఉన్నది సుమారు 870 మీటర్ల ఎత్తున. టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే పరికరం) లేని ఇంజిన్‌కు వెయ్యి మీటర్ల ఎత్తులో పదో వంతు శక్తి తగ్గుతుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. అంటే పైకి చేరేసరికి సుంకం తిన్నదానికి రెట్టింపు కొండే తినేస్తోంది. బావమరిది గారి కారును ఘాట్ ఎక్కించినా ఏసీ ఆపాల్సిందే.

కోరాపుట్ వాసి:
కొండ లెక్క ఒప్పుకుంటాను. కానీ సుంకం కట్టుకుని పెద్ద ఇంజిన్ కొనుక్కునే అవకాశం మనకు ఇవ్వాలి కదా?

బరంపురం వాసి:
ఇచ్చారండీ. ఐ20లోనే 1.4 లీటర్ల పెట్రోలు ఇంజిన్ కూడా వచ్చింది. మీ కాలనీలో ఒక్కటైనా కనిపించిందా?

కోరాపుట్ వాసి:
లేదు. అప్పట్లో షోరూములో ధర అడిగి నేనే వెనక్కి వచ్చాను.