‘సౌండ్ కట్ అయితాంది’ అంటే ఏమైతున్నట్టు?

ప్రశ్న: కంప్యూటర్‌లో గేమ్ ఆడుతుంటే మధ్యలో సౌండ్ కట్ అవుతోంది. కంపెనీవాళ్లకు తెలుగులోనే రాద్దామనుకుంటున్నా. ‘ధ్వని అంతరాయం’ అంటే సరిపోతుందా?

జవాబు, హన్మకొండ నుంచి: సరిపోదండీ. అది చదివినవాళ్లకు ఏదో తేడా వచ్చిందని తప్ప ఏం తేడానో అంతుపట్టదు. ‘కట్’ కూడా అంతే, నాలుగైదు జబ్బులకు కలిపి ఒకటే పేరు. నేను చేసేది కంప్యూటర్లు బాగుచేసే పని. షాపుకొచ్చే పిల్లలను ‘కట్ అనకుండా చెప్పు బిడ్డా’ అంటే చాలు, ఇంట్ల మాట బయటికొస్తుంది, సగం పని అక్కడే తేలిపోతుంది.

‘సప్పుడు తుంపులు తుంపులు వత్తాంది’ అన్నాడనుకోండి. శబ్దం వస్తూనే ఉంది, నడుమ నడుమ తెగుతోంది. విండోస్ మామూలుగా 10 మిల్లీసెకన్లకు సరిపడా శబ్దాన్ని ఒకసారి అందుకుంటుంది. సెకనుకు 48,000 నమూనాల (శబ్దాన్ని అంకెల్లో కొలిచిన చిన్న చిన్న ముక్కల) లెక్కన చూస్తే ఒక్కో విడతకు 480. మోటరు పోసేలోపే తొట్టి ఖాళీ అయితే నల్లా తుస్సుమంటుంది చూడండి, అదే ఇక్కడా. ప్రాసెసర్ గేమ్ బొమ్మల పనిలో మునిగిపోయినా, ఏదో డ్రైవర్ (కంప్యూటర్‌లోని ఒక్కో పరికరాన్ని నడిపించే ప్రోగ్రాం) అడ్డం పడినా ఆ 480 వేళకు అందవు. వెనక నడిచే ప్రోగ్రాములు మూసి, సౌండ్, నెట్‌వర్క్ డ్రైవర్లు కొత్తవి వేసి చూడాలి.

‘బొంగురు పోయింది’ అంటే నేను మొదట అడిగేది బ్లూటూత్ హెడ్‌సెట్టా అని. దాని మైకు ఆన్ కాగానే అది ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది, స్టీరియో పోయి సన్నటి ఒంటి గొంతు మిగులుతుంది. ఇది చెడిపోవడం కాదు. మైకు వేరేది పెట్టుకుంటే సరి.

‘బాంబులు ఇనవడ్తన్నయ్, మాటలు ఇనవడ్తలేవు’ అన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫిర్యాదు, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది. రెండు చెవుల హెడ్‌ఫోన్ పెట్టుకుని సెట్టింగ్‌లో 5.1 అనో 7.1 అనో, అంటే చుట్టూ ఎక్కువ స్పీకర్లు ఉన్నాయన్నట్టు, ఉంచితే ఇలా అవుతుంది. పాత్రల మాటలు ఎక్కువగా నడిమి స్పీకరుకు పోతాయి, ఆ స్పీకరేమో ఉండదు. స్టీరియోకు మార్చాలి.

‘మొత్తానికే బందయింది’ అంటే ముందు వైరు, పిన్ను చూడండి.

జగిత్యాల నుంచి: మా దిక్కు ‘తుంపులు’ దారానికో, తాడుకో అంటాం. సౌండుకు ‘ఆగి ఆగి వత్తాంది’ అంటం.

జవాబు: అదీ మంచి మాటే. ‘ఆగింది’కీ ‘ఆగి ఆగి’కీ ఎంత తేడానో చూడండి. మొదటిది వింటే ఇక రాలేదని, రెండోది వింటే పోతూ వస్తోందని. వ్యాకరణంలో ఆమ్రేడితం అని చదివి వదిలేస్తాం గానీ, బాగుచేసేవాడికి ఆ రెండో ‘ఆగి’ చాలా విలువైనది. ‘గరగర’ కూడా అలాంటి జంటే. ‘గర్రుమంది’ అంటే ఒక్కసారి.

గుంటూరు నుంచి: ‘సప్పుడు’ అంటే మాకు ఏదో కిందపడినట్టుంటుంది. పాటకూ మాటకూ చప్పుడు అనం.

జవాబు: మాకు అన్నిటికీ అదే. ‘సప్పుడు చేయకు’ అంటే నోరు మూసుకోమని కూడా. కంపెనీకి రాసేటప్పుడు మాత్రం ‘సౌండ్’ అనే రాయండి, పేచీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు: ఇవన్నీ చదివాక చూస్తే నాది తెగడం కాదు. దోస్తులతో వాయిస్ చాట్‌లోకి ఎక్కగానే గేమ్ సౌండ్ బాగా తగ్గిపోతోంది, దిగగానే మళ్లీ మామూలు.

జవాబు: అయితే కంపెనీకి రాయనక్కరలేదు. కాల్ నడుస్తోందని పసిగడితే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే అలవాటు విండోస్‌కే ఉంది. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో ‘కమ్యూనికేషన్స్’ ట్యాబ్ తెరిచి ‘డూ నథింగ్’ పెట్టండి. తర్వాత గేమ్ ఒకసారి మూసి మళ్లీ తెరవండి.