విజయనగరంలో సెల్లార్ సినిమా హాలు గురించి తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?

గంటస్తంభం వైపు పూర్వం ఒక హాలు ఉండేది, రోడ్డు మీంచి మెట్లు దిగి వెళ్లాలి, ఇప్పుడు గోడౌన్. వెనక గోడకి ప్రొజెక్టర్ కన్నాలు రెండు ఇంకా అలాగే ఉన్నాయి, అంటే రెండు మెషిన్లు పెట్టి రీలు తర్వాత రీలు ఆగకుండా వేసేవారన్నమాట, 2000 అడుగుల రీలు 22 నిమిషాలకే అయిపోతుంది మరి. నాకు అంతుపట్టనిది పొగ సంగతి. అప్పట్లో ప్రొజెక్టర్ వెలుగంతా రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే మంటదే, ఆ పొగకి గొట్టం పెట్టి బయటికి వదలాలి, మరి భూమి లోపల హాలుకి దాన్ని ఎటు తీశారు?

అక్కడ ఆపరేటర్‌గానో, గేటు దగ్గరో పనిచేసిన పెద్దవాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే దయచేసి అడిగి చెప్పండి. టికెట్ ముక్కో, కరపత్రమో, ఫొటోనో ఏదున్నా సరే. బిల్డింగ్ కూల్చేస్తారంటున్నారు, ఆలోపే ఇదంతా రాసి పెట్టాలని నా ఆత్రం.