ఆస్ట్రేలియాకి రాజు ఉండాలా, పోవాలా? మళ్ళీ ఓటింగ్ పెడితే ఎటు వెయ్యాలి?

మెల్‌బోర్న్_బెజవాడోడు:
మాది సత్యనారాయణపురం. ఇక్కడికొచ్చి పదమూడేళ్ళు, సిటిజన్‌షిప్ తీసుకుని ఆరేళ్ళు. మొన్న ఆదివారం ఫ్రెండ్స్‌తో బిర్యానీ తింటుంటే మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఈ దేశానికి ఇప్పటికీ అధినేత బ్రిటన్ రాజు ఛార్లెసే. ఆయన తరపున ఇక్కడ గవర్నర్ జనరల్ ఉంటారు. 1999 నవంబర్ 6న రిఫరెండం పెట్టారు. రాజును తీసేసి, పార్లమెంటులో మూడింట రెండు వంతుల మెజారిటీతో ప్రెసిడెంటును ఎన్నుకుందామా అని అడిగితే, దాదాపు 55 శాతం మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు. 2023లో ఆదివాసులకు రాజ్యాంగంలో సలహా మండలి పెట్టే రిఫరెండం కూడా ఓడిపోయింది. ఆ దెబ్బతో రాజు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. కానీ ఎప్పటికైనా వస్తుంది. ఓటు వెయ్యకపోతే ఇక్కడ ఫైన్, తప్పించుకోలేను. ఎటు వెయ్యమంటారు?

బ్రాడీపేట_మాష్టారు:
ఇదీ ఒక ప్రశ్నేనా నాయనా? పుట్టుకతో ఒకడు పెద్ద, మిగతావాళ్ళు చిన్న అనేదాన్ని మనం 1947 ఆగస్టు 15న తీసి అవతల పారేశాం. రాజును దించేసి మన కాళ్ళ మీద మనం నిలబడ్డాం. వాళ్ళు ఇంకా ఆలోచిస్తూ కూర్చున్నారు. రిపబ్లిక్‌కే వెయ్యి.

పటమట_ప్రసాద్:
మాష్టారూ, చిన్న సవరణ. 1947లో రాజు దిగలేదండీ. 1950 జనవరి 26 దాకా మన రాజు ఆరో జార్జే. రాజాజీని గవర్నర్ జనరల్‌గా ఎవరి పేరు మీద నియమించారనుకున్నారు? ఇక అసలు విషయం. ఎక్కడో లండన్‌లో కూర్చున్న ముసలాయనతో మెల్‌బోర్న్ వాళ్ళకి వచ్చిన నష్టం ఏంటి? ఆయనకి జీతం కూడా వీళ్ళు ఇవ్వట్లేదు, టూరుకొస్తేనే ఖర్చు. నడుస్తున్న బండికి ఇంజను మార్చడం దేనికి?

పునుగుల_బండి:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

బ్రాడీపేట_మాష్టారు:
ప్రసాద్ గారూ, ముప్పై ఒక్క సంవత్సరాలు సివిక్స్ చెప్పాను. స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందో మీ దగ్గర నేర్చుకోవాలా?

పటమట_ప్రసాద్:
స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందో నేను అనలేదండీ. రాజు ఎప్పుడు పోయాడో అన్నాను. చక్రవర్తి అనే బిరుదు 1948లో తీశారు. రాజు అనే హోదా 1950లో పోయింది. రెండూ వేరు.

బ్రాడీపేట_మాష్టారు:
అది కాగితం మీద. నామమాత్రం. నెహ్రూ, పటేల్ పరిపాలించారు గానీ జార్జి పరిపాలించాడా?

పటమట_ప్రసాద్:
అదేనండీ నేననేది! వాళ్ళకీ నామమాత్రమే! మనకి నామమాత్రం అయితే తప్పులేదు, వాళ్ళకైతే బానిసత్వమా?

కృష్ణలంక_శైలజ:
నామమాత్రం అంటున్నారు కదా అన్నయ్యా, 1975 సంగతి చదివారా? ఎగువ సభ సెనేట్ బడ్జెట్ ఆపేసిందని, గెలిచిన ప్రధాని విట్లమ్‌ని గవర్నర్ జనరల్ కెర్ ఒక్క కాగితంతో పీకేశాడు. నవంబర్ 11న. స్పీకర్ లండన్‌కి ఉత్తరం రాస్తే, ఇందులో రాణిగారు కలగజేసుకోరని జవాబొచ్చింది. పేరు రాణిది, కత్తి ఇంకొకడి చేతిలో. అందుకే ప్రెసిడెంటును జనమే నేరుగా ఎన్నుకోవాలి. 1999లో ఓడిపోయింది కూడా అందుకే. రాజు వద్దనేవాళ్ళలోనే చాలామంది 'ఇది పొలిటీషియన్ల రిపబ్లిక్' అని వద్దనే ఓటేశారు.

మెల్‌బోర్న్_బెజవాడోడు:
శైలజ గారు చెప్పింది కరెక్ట్. ఇంకోటి కూడా ఉంది. అప్పటి ప్లాన్‌లో ప్రధాని ఒక నోటీసు మీద సంతకం పెడితే ప్రెసిడెంటు ఇంటికెళ్ళాల్సిందే. తరవాత ముప్పై రోజుల్లో దిగువ సభ ఆమోదం అడగాలి. సభ కాదన్నా ఆయన మళ్ళీ కుర్చీ ఎక్కడు. నా ఫ్రెండ్ ఒకడు దీన్నే పట్టుకుని కూర్చున్నాడు.

పటమట_ప్రసాద్:
శైలజమ్మా, నేరుగా ఎన్నుకుంటే ఆయన ఊరుకుంటాడా? కోటి ఓట్లతో గెలిచినవాడు రిబ్బన్లు కత్తిరిస్తూ కూర్చుంటాడా? ప్రధాని ఒకవైపు లాగుతాడు, ఈయన ఇంకోవైపు. ఒక ఒరలో రెండు కత్తులు.
ఇక విట్లమ్ సంగతి. అది రాజరికం వల్లే జరిగిందంటే, 1984 ఆగస్టులో మన దగ్గర జరిగిందేంటండీ? ఎన్టీఆర్ గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చీ రాగానే గవర్నర్ రామ్‌లాల్ దించేశాడు. ఏ రాజు చేయించాడు? మనది అప్పటికి 34 ఏళ్ళ రిపబ్లిక్. నేను అప్పుడు ఇంటర్. బందర్ రోడ్డు మీద లాఠీ దెబ్బ తిన్నా, ఎడమ మోకాలు ఇప్పటికీ వానాకాలంలో చెబుతుంది.

బ్రాడీపేట_మాష్టారు:
నెల తిరిగేసరికి ఎన్టీఆర్‌ని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? జనం. ఎమ్మెల్యేలు రాష్ట్రపతి ముందుకెళ్ళి నిలబడ్డారు, గవర్నర్ మారాడు. విట్లమ్ మళ్ళీ ప్రధాని అయ్యాడా? డిసెంబర్ ఎన్నికల్లో ఓడిపోయాడు కూడా. ఇదీ రిపబ్లిక్‌కీ రాజరికానికీ తేడా.

పటమట_ప్రసాద్:
ఓడించింది ఆస్ట్రేలియా జనమే కదండీ. జనం మీరు చెప్పినట్టు వేస్తేనే జనమా?

అడ్మిన్:
ఎన్టీఆర్ దాకా ఓకే. ఇప్పటి పార్టీల పేర్లు ఎవరు ఎత్తినా పోస్టు లేపేస్తా. పోయినసారి ముద్దపప్పు థ్రెడ్‌నే ఎలక్షన్ చేశారు.

మంగళగిరి_చేనేత:
నేపాల్‌లో 2008లో రాజును తీసేశారు, మొన్న 2025లో మళ్ళీ రాజు కావాలని ఖాట్మండులో ఊరేగింపులు చేశారు. అంతే. చెప్పాలనిపించింది.

పటమట_ప్రసాద్:
చూశారా! ఎందుకు చేశారో ఆలోచించండి. నాకున్న ఎకరం పద్నాలుగు సెంట్లకి పాసు పుస్తకం కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగేళ్ళు తిరిగాను. పైన మనుషులు మారినప్పుడల్లా ఫారం మారింది, సర్వే మళ్ళీ మొదటికొచ్చింది, పుస్తకం అట్ట రంగు మారింది. నా పొలం మాత్రం అక్కడే ఉంది. అన్నీ మారిపోతుంటే పైన ఒక్కడైనా ఎలక్షన్‌తో పనిలేకుండా, ఎవడికీ బాకీ లేకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది. తప్పా?

బ్రాడీపేట_మాష్టారు:
అంటే మీకు జమీందారు కావాలి. చెప్పరేం? మా తాత ఒక జమీందారు బంగళా ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. వానొచ్చినా గొడుగు మూసేవాడు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక కూడా చాలా రోజులు అలవాటు కొద్దీ చెప్పులు విప్పేవాడని మా నాన్న చెప్పేవాడు. మీ పుస్తకం ఆలస్యమైందని మా తాత చెప్పులు మళ్ళీ విప్పమంటారా?

పటమట_ప్రసాద్:
మీ తాత చెప్పుల్ని నేను ఎక్కడ విప్పమన్నానండీ? పెద్దవారని మర్యాదిస్తున్నా. నోటికొచ్చినట్టు మాట్లాడొద్దు.

కృష్ణలంక_శైలజ:
ఇద్దరూ కాస్త మంచినీళ్ళు తాగండి. రాష్ట్రపతిని కూడా ఎంపీలూ ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు. మన సంజీవరెడ్డి గారు 1969లో ఓడారు, 1977లో పోటీ లేకుండా గెలిచారు. 1979లో జగ్జీవన్ రామ్‌ని ప్రభుత్వం ఏర్పాటుకు పిలవకుండా లోక్‌సభ రద్దు చేశారని ఆయన్నీ తిట్టారు. ఎలా ఎన్నుకున్నా ఆ కుర్చీలో మనిషే కూర్చుంటాడు.

బ్రాడీపేట_మాష్టారు:
ఇవన్నీ కాదమ్మా. అసలు ఈ ప్రశ్న అడిగిన కుర్రాణ్ణి ఒకటి అడుగుతాను. రిపబ్లిక్ పాస్‌పోర్టు సరెండర్ చేసి, రాణిగారికి విధేయుడినని చెయ్యెత్తి ప్రమాణం చేసినవాడివి. ఇప్పుడు రాజు ఉండాలా వద్దా అని మమ్మల్ని అడుగుతున్నావా? ఆ రోజు అడగాల్సింది.

మెల్‌బోర్న్_బెజవాడోడు:
మాష్టారూ, నేను రాణికి ప్రమాణం చెయ్యలేదండీ. ఇక్కడ 1994లోనే ఆ మాట తీసేశారు. 'ఆస్ట్రేలియాకీ, దాని ప్రజలకీ' అని మాత్రమే చెప్పాను. పాస్‌పోర్టు పంపించిన మాట నిజమే, రెండూ ఉంచుకోనివ్వరు కదా. దాని మీద మా అమ్మ పెట్టిన పసుపు మరక ఉండేది. కవర్లో పెట్టే ముందు ఫోటో తీసుకున్నా. రాణికి ప్రమాణం అని మీకెవరు చెప్పారు?

బ్రాడీపేట_మాష్టారు:
ఎవరూ చెప్పలేదు. చూశాను. మా అబ్బాయి కెనడాలో ఉంటాడు. పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చిందని వీడియో పంపాడు. కుడి చెయ్యెత్తి, మూడో ఛార్లెస్ రాజుకీ, ఆయన వారసులకీ విధేయుడినై ఉంటానని అక్షరం తప్పకుండా చెప్పాడు. పక్కన మనవరాలు చప్పట్లు కొడుతోంది. వీడికి మన రాజ్యాంగ పీఠిక నేనే నేర్పాను, ఐదో తరగతిలో. గుంటూరు స్టేజీ మీద ఆపకుండా అప్పజెప్పి కప్పు తెచ్చుకున్నాడు. ఆ కప్పు ఇప్పటికీ టీవీ పైనే ఉంది.
వాడికి శుభాకాంక్షలు అని మెసేజ్ పెట్టాను. అంతే పెట్టాను.

పునుగుల_బండి:
మాష్టారూ...

మెల్‌బోర్న్_బెజవాడోడు:
మీరు ఫోన్ చెయ్యండి మాష్టారూ. అక్కడ ఇప్పుడు పొద్దున తొమ్మిదై ఉంటుంది. ఓటు సంగతి నేను చూసుకుంటాలెండి.

పటమట_ప్రసాద్:
మాష్టారూ, ఇందాక గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి. చెప్పుల మాట నాకు తెలియదు. బ్రాడీపేట వచ్చినప్పుడు కలుస్తా. కానీ 1950 సంగతి మాత్రం నేను చెప్పిందే రైటు.

బ్రాడీపేట_మాష్టారు:
జనవరి 26. ఒప్పుకున్నాను. తారీఖు వరకే.