జావా కొండ ఊళ్లో ఇంకొకరి పేరు మీద భూమి కొనవచ్చా?

సెమరాంగ్ వాసి:
అందరికీ నమస్కారం. ఇండోనేషియాలో, మధ్య జావాలో ఒక నూలు మిల్లులో ఉద్యోగం చేస్తున్నాను. విరమణ తర్వాత కూడా ఇక్కడే ఉండిపోవాలని నాకూ మా ఆవిడకూ ఆశ. సలాతిగ ఊరు దాటి కొపెంగ్ వైపు ఎక్కుతుంటే మెర్బాబు కొండ వాలున చిన్న చిన్న పల్లెలు వస్తాయి. సుమారు 1,400 మీటర్ల ఎత్తు. మడి మడికీ క్యాబేజీ, క్యారెట్, మిరప. ఇంటి వెనక పాకలో పాడి ఆవులు. రాత్రి నమాజు అయిపోతే ఇక కుక్కల అరుపులే. అలాంటి ఒక ఊళ్లో 800 చదరపు మీటర్ల పెరడు, అందులో లిమాసాన్ అనే జావా పద్ధతి పాత టేకు ఇల్లు అమ్మకానికి ఉన్నాయి.

చిక్కల్లా ఒకటే. భూమి మీద పూర్తి యాజమాన్యం, ఇక్కడివారు హక్ మిలిక్ అనేది, విదేశీయుడికి రాదు. మధ్యవర్తి ఒక దారి చెబుతున్నాడు. ఊళ్లోనే నమ్మకమైన మనిషి పేరు మీద కొంటామట. అతను నా దగ్గర అప్పు చేసినట్టు ఒక కాగితం, ఆ అప్పుకు భూమిని తాకట్టు పెట్టినట్టు ఇంకొకటి, అమ్ముకునే అధికారం నాకే శాశ్వతంగా ఇచ్చినట్టు మరొకటి, దీర్ఘకాలం నాకే కౌలుకిచ్చినట్టు ఇంకోటి. స్నేహితుల్లో సగంమంది కానిచ్చేయమంటున్నారు, సగంమంది తల పట్టుకుంటున్నారు. ఇది క్షేమమేనా? క్షేమం సరే, న్యాయమేనా?

ముక్కుసూటి:
దీనికింత తర్జనభర్జన అవసరమా? బాలిలో విదేశీయులు ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. అమ్మేవాడికి ఇష్టం, కొనేవాడికి ఇష్టం. మధ్యలో ఆ 1960 నాటి భూ చట్టం ఎవరి కడుపు నింపుతోంది? రైతు కొడుకు తోటలో దిగనంటున్నాడు, సెమరాంగ్ ఫ్యాక్టరీలో నెల జీతమే హాయి అంటున్నాడు. తండ్రికి ఆ భూమి తప్ప ఆస్తి లేదు. కొనేవాళ్లలో కొందరిని చట్టం గేటు బయటే ఆపేస్తే ధర పడిపోతుంది, నష్టం ఆ ముసలాయనకే. రైతు మేలు కోరేవాళ్లెవరూ ఈ ముక్క మాట్లాడరెందుకో!

పాడేరు ప్లీడరు:
ముక్కుసూటి గారూ, తమరి పేరుకు తగ్గట్టే నేనూ సూటిగా చెబుతాను. ఇండోనేషియా 1960 వ్యవసాయ భూ మూల చట్టంలో 26వ నిబంధన చదవండి. యాజమాన్యాన్ని నేరుగానైనా, చాటుగానైనా విదేశీయుడికి చేర్చే ఏ లావాదేవీ అయినా చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది. అంతటితో ఆగలేదు, అమ్మినవాడికి ముట్టిన సొమ్ము తిరిగి అడగడానికి వీల్లేదని కూడా అందులోనే రాశారు. అంటే స్థలమూ పోతుంది, డబ్బూ పోతుంది.

ఇక ఆ కాగితాల కట్ట సంగతి. రద్దు చేయడానికి వీల్లేని అధికార పత్రాల ద్వారా భూమి చేతులు మార్చడాన్ని అక్కడి హోం మంత్రిత్వ శాఖ 1982లోనే నిషేధించింది. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన సర్క్యులర్ మరీ స్పష్టం: సర్టిఫికెట్‌లో ఎవరి పేరుంటే వారే యజమాని, డబ్బు పెట్టింది విదేశీయుడైనా సరే. మధ్యవర్తి గారు ఈ సర్క్యులర్ గురించి చెప్పారా?

మాది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ఉండగానే గిరిజనుల పేర్ల మీద బినామీ లావాదేవీలు ఎలా జరుగుతాయో చూస్తూ పెరిగాను. పేరు ఇచ్చిన మనిషి చివరికి ఎవరికీ కాకుండా పోతాడు. అందుకే ఈ ప్రశ్నకు నా జవాబులో కాస్త కోపం ఉంటుంది, సర్దుకుపోండి.

ముక్కుసూటి:
కోపం అర్థమైంది. లెక్క చెప్పండి. బాలిలో అలాంటి విల్లాలు ఎన్నో ఉన్నాయని అందరికీ తెలిసిందే, ప్రభుత్వం అన్నిటినీ గుంజుకుందా? చట్టం పుస్తకంలో ఉండడం వేరు, అమలు వేరు. జీవితం నడిచేది ఆ రెండిటి మధ్య సందులోనే.

పాడేరు ప్లీడరు:
ఆ సందులో ఇల్లు కట్టుకోమంటున్నారు, అంతేగా!

వొనొసొబో కోడలు:
పదేపదే చట్టం అంటున్నారు గనుక ఊరి వైపు నుంచి నేను మాట్లాడతాను. మావారు జావా వారు. సిందోరో కొండ దిగువన పొగాకు, బంగాళదుంప పండించే ఊరు మా అత్తవారిది. సెమరాంగ్ వాసి గారూ, ఆ నాలుగు కాగితాల గురించి మీరు బాధపడుతున్నారు. మీకు పేరిచ్చే మనిషి గురించి ఎవరూ అడగలేదు.

ఆయన ఆ ఊళ్లోనే బతకాలి. మీ 800 మీటర్లు ఆయన పేర ఉన్నట్టు పన్ను రసీదు వస్తుంది, అది ముందు చేరేది ఊరి కార్యాలయానికే. వారం తిరిగేసరికి ఊరంతా తెలిసిపోతుంది. పెద్ద కూతురు పెళ్లికి అప్పు అడిగితే బంధువులు ఏమంటారు? "అంత స్థలం ఉందిగా నీకు." బీద కుటుంబాలకు వచ్చే సాయం జాబితాలో పేరు ఉంచాలా తీసెయ్యాలా అని పాక్ ఆర్టీ, అంటే మన వీధి పెద్ద, తల గోక్కుంటాడు. రేపు ఆయన కన్నుమూస్తే భూమి కాగితం మీద ఆయన పిల్లలది. మీరు కాగితాల కట్ట పట్టుకుని ఆ పిల్లల మీద కోర్టుకు వెళతారా? అదే వీధిలో ఉంటూ?

ఇంకో మాట. ఆ ఊళ్లో భూమి ఉండడం ఒక ఎత్తు, ఊరివాళ్లు అనిపించుకోవడం ఇంకో ఎత్తు. మా అత్తగారి ఇంటి గోడకు, తలుపు పక్కన, పాల డబ్బా ఒకటి మేకుకు వేలాడుతుంది. రాత్రి పడుకునే ముందు అందులో పిడికెడు బియ్యం వేస్తారు, ఈ మధ్య బియ్యం బదులు 500 రూపియాల నాణెం వేసేవాళ్లూ ఉన్నారు. గస్తీ తిరిగే మగవాళ్లు టార్చి వేసి ప్రతి డబ్బా వంపుకుని నోటు పుస్తకంలో టిక్కు పెడతారు. జింపితాన్ అంటారు దీన్ని. ఆ డబ్బుతోనే చావు ఇంటికి కుర్చీలు, ఆసుపత్రికి వెళ్లేవారికి వ్యాను ఖర్చు. వరుసగా ఖాళీ డబ్బా కనిపిస్తే ఎవరూ గొడవ పడరు, తిట్టరు. మీ ఇంట్లో కార్యానికి వంటకు సాయం వచ్చే ఆడవాళ్లు మాత్రం తగ్గిపోతారు. వారాంతానికి వచ్చిపోయే ఇంటికి ఆ డబ్బా ఎవరు నింపుతారు?

బాటసారి:
అమ్మా కోడలు గారూ, మీరు రాసింది బాగుంది, కానీ సగమే. కొండ ఊళ్లను విదేశీయుడు చెడగొడుతున్నట్టు మాట్లాడుతున్నారంతా. జకార్తా, సెమరాంగ్ నుంచి కారులో వచ్చి వారాంతపు విల్లాలు కట్టుకునేవాళ్లు ఇండోనేషియా పౌరులే కదా! సాగు భూమి యజమాని అదే మండలంలోగానీ పక్క మండలంలోగానీ ఉండాలని 1961 నుంచి నియమం ఉంది. ఎంతమంది పాటిస్తున్నారు? జొగ్లో అనే పాత జావా ఇళ్లను స్తంభం స్తంభంగా విప్పి లారీలో తీసుకెళ్లి పట్నంలో భోజనశాలలుగా నిలబెడుతున్నవారు పరదేశీయులా? వాళ్ల డబ్బాలు ఎవరు నింపుతున్నారు?

బయటివాళ్లకు భూమి వద్దనే నియమం ఎటు పోతుందో చూడాలంటే యోగ్యకర్త చూడండి. అక్కడ 1975లో ఇచ్చిన ఉత్తర్వు వల్ల చైనా మూలాలున్న ఇండోనేషియన్లకు పూర్తి యాజమాన్యం దక్కదు. వాళ్లు తరతరాలుగా అక్కడ పుట్టి పెరిగిన పౌరులు! కొండ మీద ప్రేమతో మొదలైన మాట మనిషి పుట్టుక దగ్గర తేలుతుంది. నాకు ఆ భయం ఉంది.

పాడేరు ప్లీడరు:
బాటసారి గారి మాటలో యోగ్యకర్త సంగతి నిజం, ఆ ఉత్తర్వును సమర్థించేవాడిని కాను. అయితే రెండూ ఒకటి చేయకండి. పౌరుడి హక్కును జాతి పేరు చెప్పి కోసేయడం వేరు, పరాయి దేశపు పెట్టుబడిని రైతు భూమికి దూరంగా ఉంచడం వేరు. రెండోది కొత్తది కూడా కాదు. స్థానికుల భూమి స్థానికేతరులకు అమ్మకూడదని 1875లో డచ్చి ప్రభుత్వమే నిషేధం పెట్టింది, వాళ్ల లెక్కలు వాళ్లకు ఉన్నాయనుకోండి.

పట్నం వాళ్లు నియమం తప్పుతున్నారు కాబట్టి మనమూ తప్పుదాం అనేది మాత్రం ఏ కోర్టులోనూ నిలబడే వాదన కాదు.

తీరిక లేని రైతు:
ప్లీడరు గారూ, ఆ డచ్చి కథ సగంలో ఆపేశారు. నిషేధానికి అయిదేళ్ల ముందే, 1870లో, ప్రభుత్వ భూమి పేరుతో కొండలను 75 ఏళ్ల కౌలుకు తోటల కంపెనీలకు కట్టబెట్టింది కూడా ఆ ప్రభుత్వమే. కొన్నారా? కొనలేదు. టీ, కాఫీ తోటలు వెలిసాయి, అదే నేల మీద జావా రైతు కూలీ అయ్యాడు. కాబట్టి "కొనవద్దు, కౌలుకు తీసుకోండి" అనేవాళ్లు అదేదో పుణ్యకార్యంలా చెప్పకండి. ఎంత కాలానికి, ఎంత నేల, ఎవరు సాగు చేస్తారు, అవే అసలు ప్రశ్నలు.

ముక్కుసూటి:
హమ్మయ్య, ఒక్కరైనా నా వైపు మాట్లాడారు.

తీరిక లేని రైతు:
మీ వైపు కాదు. క్యాబేజీ వైపు.

వొనొసొబో కోడలు:
ముక్కుసూటి గారు మొదట అన్న మాటకు జవాబు మిగిలిపోయింది. రైతుకు ధర తగ్గుతుందన్నారు. మా దగ్గర జరిగేది వినండి. ఒక వారాంతపు ఇంటికి మంచి ధర వచ్చిందనగానే చుట్టుపక్కల పెరళ్లన్నీ ఆ ధరే చెబుతాయి. అమ్మిన ఒకరికి లాభం, నిజమే. భూమి లేకుండా సగం పంటకు పక్కవాడి చేలో పనిచేసే మారో రైతుకు మాత్రం ఇక జానెడు కొనే ఆశ పోతుంది. ఆ ఊళ్లో అమ్మేవాళ్లకన్నా అలాంటివాళ్లే ఎక్కువ. మీరు చెప్పే ముసలాయన ఉన్నాడు, కాదనను. ఆయన పక్కింటి కుర్రాడు కూడా ఉన్నాడు.

నా సొంత సంగతి కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. నేను భారత పౌరురాలిని. పెళ్లి ఒప్పందం లేకపోతే పెళ్లి తర్వాత కొన్నది ఉమ్మడి ఆస్తి అవుతుంది, నా వాటా వల్ల మావారి యాజమాన్యానికే ముప్పు వస్తుంది. పెళ్లికి ముందే ఆస్తులు వేరుగా రాసుకోవాలని పాత పద్ధతి, మాకు ఆ సంగతి తెలియదు. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు తర్వాత పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని తేలింది, అప్పుడు రాసుకున్నాం. రేపు ఆ భూమి నాకు వారసత్వంగా వచ్చినా ఏడాదిలోగా వదులుకోవాలి. పొలం మీద నాకు కాగితం లేదు. నాటు వేసేటప్పుడు నా పేరు మొదట పిలుస్తారు.

సెమరాంగ్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ముక్కుసూటి గారి వాదన నన్ను కొంత లాగింది, దాచను. కోడలు గారు రాసిన పేరిచ్చే మనిషి సంగతి మాత్రం నాకు తట్టనే లేదు. ఆ మనిషి మధ్యవర్తికి తోడల్లుడు, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. ఆ దారి వదిలేస్తున్నాను.

మిగిలినవి రెండు. నివాస అనుమతి ఉంది కాబట్టి హక్ పకై అనే వాడుక హక్కు తీసుకోవచ్చట. 2021 నియమాల ప్రకారం 30 ఏళ్లు, ఆపైన 20 పొడిగింపు, మళ్లీ 30. కానీ ఇల్లు కనీసం ఇంత ఖరీదు ఉండాలని ప్రాంతాన్ని బట్టి షరతు ఉంది, ఈ పాత ఇల్లు ఆ లెక్కకు అందదు. ఇక మిగిలింది కౌలు. ఇల్లు, పెరడు మాత్రమే, పదేళ్లకు. కూరగాయల మడి ఇప్పుడు చేస్తున్న రైతుకే వదిలేయమని అడుగుతాను. మధ్యవర్తి ఇంకో బేరం కూడా తెచ్చాడు, ఊరి పెద్ద బెంకొక్ భూమి చవగ్గా కౌలుకిస్తాడట. ఆ సంగతేమిటి?

పాడేరు ప్లీడరు:
బెంకొక్ జోలికి వెళ్లకండి. అది జీతానికి బదులు పదవిలో ఉన్నంతకాలం అనుభవించమని ఊరు ఇచ్చే భూమి. పదవి పోతే ఆయన ఇచ్చిన కౌలు ఎవరికి చెబుతారు? ఇంటి కౌలు మంచి ఆలోచన, నోటరీ దగ్గరే రాయించండి. ఇంతకీ యజమాని సర్టిఫికెట్ చూపించారా?

సెమరాంగ్ వాసి:
సర్టిఫికెట్ లేదు. ఊరి కార్యాలయంలో లెటర్ సి పుస్తకం చూపించారు, పాత పన్ను దస్త్రం. అందులో ఇప్పటి యజమాని తాతగారి పేరుంది. ఆయన పోయి చాలా కాలమైంది. ఇది మామూలే అన్నారు.

ముక్కుసూటి:
మామూలే. దేశంలో 12.6 కోట్ల స్థలాలుంటే 2015లో సర్టిఫికెట్లు ఉన్నవి 4.6 కోట్లేనని స్వయంగా అప్పటి అధ్యక్షుడు జొకో విదొదోయే చెబుతూ వచ్చారు.

పాడేరు ప్లీడరు:
మామూలే, అందుకే ప్రమాదం. 2017 నుంచి ఊరూరా సామూహిక నమోదు నడిచింది, 2021 నియమాలు పాత ఆధారాలన్నీ అయిదేళ్లలో నమోదు చేయించాలన్నాయి. ఇంకా తాత పేరే ఉందంటే ఆ ఇంట్లో ఏదో తేలలేదని అర్థం.

వొనొసొబో కోడలు:
తేలనిది పంపకమే అయి ఉంటుంది. జావాలో చాలాచోట్ల కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున పంచుతారు, ఇంకొన్ని ఇళ్లలో సమానంగా. ఏది పాటించాలో ఒప్పుకోకే కాగితం తాత పేరున ఉండిపోతుంది. మీతో మాట్లాడుతున్నాయన ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి యజమాని అనిపిస్తాడు. సుమత్రాకో కలిమంతాన్‌కో వలస వెళ్లిన అక్క ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. లెబరాన్, అంటే రంజాన్ పండక్కి అందరూ ఊరికి వస్తారు, అప్పుడు అడగడం తేలిక. వారసుల పత్రం మీద అందరి సంతకాలు, ఊరి పెద్ద సంతకం పడేదాకా కౌలుకు అడ్వాన్సు ఇవ్వకండి. మధ్యవర్తి తొందరపెడితే ఆ అక్క ఫోను నంబరు అడగండి చాలు.