క్రిస్మస్ ఫోటో కార్డులో ఎరుపు రంగు చెడకుండా ఎలా అచ్చు వేయించాలి?

బ్రిటన్ రాజకుటుంబం ఏటా డిసెంబరులో కుటుంబ ఛాయాచిత్రంతో శుభాకాంక్షల కార్డు పంపినట్లే, కడప నుండి మా బంధువులకు పంపడానికి 5×7 అంగుళాల కార్డు ఒకటి తయారు చేశాను. పగటి వెలుతురులో ఫోన్‌తో తీసిన ఫోటోను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), ఆర్‌జీబీ (తెరలు వాడే రంగుల పద్ధతి) జేపెగ్‌గా ఇవ్వగా, తెరపై నిండుగా కనిపించే అమ్మ ఎర్ర పట్టుచీర అచ్చులో ఇటుక రంగుకు దిగిపోయి, ముఖాలు కూడా నల్లబడుతున్నాయి. తెల్లని భాగాలు మాత్రం బాగానే ఉన్నాయి. ఫోటోలో వెలుతురు పెంచి, ఫైలును సీఎంవైకే (అచ్చు సిరాల రంగుల పద్ధతి)లోకి మార్చి, నిగనిగలాడే కాగితానికి బదులు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) మ్యాట్ కాగితంపై వేయించినా, చివరకు దుకాణమే మార్చినా ఫలితం లేదు. కార్డుకు కళ ఆ చీరతోనే వచ్చింది కనుక వేరే ఫోటో పెట్టడం నాకు ఇష్టం లేదు. డిజిటల్ ప్రెస్‌లో ఆ ఎరుపు నిలవాలంటే ఫైలులో ఏ అమరికను మార్చి ఇవ్వాలి?