ధ్వని వేగానికి సాంద్రతే కారణమా?

తిరుపతి, తొమ్మిదో తరగతి అబ్బాయి తల్లి:
"ఘనపదార్థాలకు సాంద్రత ఎక్కువ కాబట్టి వాటిలో ధ్వని వేగంగా ప్రయాణిస్తుంది" అని మా వాడు పరీక్షలో రాశాడు. గైడులో ఉన్నదీ అదే. టీచర్ సగం మార్కులు తీసేశారు. ఇది న్యాయమేనా?

చిత్తూరు, ట్యూషన్ మాస్టారు:
అన్యాయమమ్మా. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు, నీటిలో 1480, ఉక్కులో 5000 పైనే పోతుంది. సాంద్రతలూ అదే వరుసలో ఉన్నాయి. ఆ వయసుకు ఇంతకు మించి ఎందుకు?

తిరుపతి, భౌతికశాస్త్రం టీచర్:
ఆ వరుసలో పాదరసాన్ని కూడా పెట్టి చూడండి మాస్టారూ. సాంద్రత నీటికి 13.6 రెట్లు, ధ్వని వేగం మాత్రం 1450, అంటే నీటి కన్నా కాస్త తక్కువే. సీసం సాంద్రత అల్యూమినియానికి నాలుగు రెట్లు. అల్యూమినియం కడ్డీలో ధ్వని వేగం 5000 అయితే, సీసపు కడ్డీలో 1200 దాకానే. గాలి కన్నా ఎంతో తేలికైన హీలియంలో దాదాపు 1000.

సాంద్రత పెరిగితే కదిలించాల్సిన ద్రవ్యరాశి పెరుగుతుంది, కాబట్టి అది వేగాన్ని తగ్గించేదే. నొక్కితే పదార్థం ఎంత బలంగా ఎదురుతిరుగుతుందన్నదే వేగాన్ని పెంచుతుంది. ఉక్కు సాంద్రత గాలికి ఆరు వేల రెట్ల పైన ఉంటే, నొక్కుడుకు ఎదురు నిలిచే గుణం పది లక్షల రెట్లు దాటుతుంది. ఈ రెండోదాన్ని మొదటిదానితో భాగించి వర్గమూలం తీయండి, ఉక్కులో ధ్వని గాలిలో కన్నా పద్నాలుగు పదిహేను రెట్లు ఎందుకు వేగమో తేలిపోతుంది.

చిత్తూరు, ట్యూషన్ మాస్టారు:
సరే మేడం. కాంతి సంగతి? గాలి కన్నా నీటిలో, నీటి కన్నా గాజులో నెమ్మదిస్తుంది. అక్కడైనా సాంద్రతే కదా లెక్క?

పాకాల, డిగ్రీ విద్యార్థి:
అక్కడా కాదండీ. మన జిల్లాలో పండే వేరుశనగ నూనెనే తీసుకోండి. నీటి మీద తేలుతుంది, కానీ దాని వక్రీభవన గుణకం, అంటే కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె, 1.47, నీటిది 1.33. తేలికైన నూనెలోనే కాంతి ఎక్కువ నెమ్మదిస్తుంది. ప్రయోగశాలలో వాడే బోరోసిలికేట్ గాజు కడ్డీని ఆ నూనెలో ముంచండి. రెండింటి గుణకాలూ దాదాపు ఒకటే కాబట్టి మునిగిన మేర కడ్డీ కంటికి ఆనదు, పైభాగం మాత్రం మామూలుగా కనిపిస్తుంది.

ఇంకొకటి. తేమ గాలి పొడి గాలి కన్నా తేలిక. దానిలో ధ్వని కాస్త వేగంగా పోతుంది, కాంతి జాతికే చెందిన రేడియో తరంగాలు కాస్త నెమ్మదిస్తాయి. ఒకే గాలి, రెండు తరంగాలు, రెండు తీర్లు! తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనకు పెట్టిన రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపినప్పుడు, తేమ, ఉష్ణోగ్రతల్లోని తేడాల వల్ల గాలి వక్రీభవన గుణకంలో వచ్చే అతి సూక్ష్మమైన హెచ్చుతగ్గుల నుంచే ఆ తరంగాల్లో కొంత భాగం తిరిగొస్తుంది. పై గాలుల వేగాన్ని దానితోనే లెక్కగడతారు.

చిత్తూరు, ట్యూషన్ మాస్టారు:
విషయం ఒప్పుకుంటాను. గైడు రాసినవారి తప్పుకు పిల్లవాడి మార్కులు కోయడాన్ని మాత్రం ఒప్పుకోను.

తిరుపతి, భౌతికశాస్త్రం టీచర్:
ఘనపదార్థాల్లో వేగం ఎక్కువన్నందుకు సగం ఇచ్చారు, కారణం తప్పినందుకు సగం తీశారు. నేనైనా అంతే చేస్తాను. ఇప్పుడు దిద్దకపోతే, రేపు ఇంటర్‌లో సూత్రం చూసి సాంద్రత హారంలో ఎందుకుందో తెలియక ఆ అబ్బాయి బట్టీ పడతాడు.